ఒక్క మార్కులో తప్పిన జట్టు

వాలీబాల్ ఆటలో ఎవరు గెలుస్తారో ఆట అయ్యాక గానీ తెలియదన్న సంగతి, ఆటలు పుట్టిన ఇన్నేళ్లకు, క్రీడా ఫలితాల పర్యవేక్షణ విభాగం వారి దృష్టికి వచ్చింది. రాగానే వారు దిగ్భ్రాంతి చెందారు.

అది వారి దృష్టికి వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. కిందటి ఏడాది ఒక ఫైనల్ పోటీకి విభాగం అధికారి విశ్వపతి గారు ముఖ్య అతిథిగా వెళ్లారు. గెలిచే జట్టు ఫలానాదని ఎవరో చెబితే, ఆ జట్టును మెచ్చుకుంటూ నాలుగు పేజీల ఉపన్యాసం టైపు చేయించుకున్నారు. తీరా చూస్తే రెండో జట్టు గెలిచింది. ఆయన మాత్రం ఏం చేస్తారు? ఉన్న ఉపన్యాసమే చదివారు. ఓడిన పిల్లల వీరవిహారాన్ని పొగుడుతూ, కప్పు మాత్రం గెలిచిన పిల్లల చేతికిచ్చి వచ్చారు. జీపులో తిరిగి వెళ్లేటప్పుడు ఆయన పళ్లు కొరుకుతూనే ఉన్నారని డ్రైవరు చెప్పాడు.

ఆ పళ్లు కొరకడంలోంచి పుట్టిందే ఈ సర్క్యులర్. అది చింతలంక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు జూలైలో, తొలి వానతో పాటు చేరింది.

"పోటీల ఫలితాలు తగిన ముందస్తు సమాచారం లేకుండా వెలువడుతున్నట్లు గమనించడమైనది. ఇకపై ప్రతి జట్టు జిల్లా స్థాయికి చేరగల అవకాశమును నూటికి ఇంతయని లెక్కించి, నమూనా 7-బిలో మూడు ప్రతులతో సమర్పించవలెను. సమర్పించిన పిదప ఫలితము అనుకోకుండా మారినచో సంబంధిత వ్యాయామోపాధ్యాయులే బాధ్యత వహించవలెను."

సంబంధిత వ్యాయామోపాధ్యాయుడు తాతారావు. పందొమ్మిదేళ్ల సర్వీసు, మెడలో ఎప్పుడూ ఒక విజిల్. పెళ్లిళ్లకు వెళ్లినా అది మెడలోనే ఉండేది. ఆటంటే ప్రాణం, కాగితమంటే భయం. అబద్ధం రాయడమంటే మరీ భయం. అందుకని ఫారం ముందు పెట్టుకుని నిజంగానే లెక్క వేశాడు.

మండలంలో ఆడపిల్లల జట్లంటే రెండే. ఒకటి చింతలంక, రెండోది గోగులపేట. ఏటా ఈ రెండిటికీ పోటీ జరుగుతుంది, గెలిచినది జిల్లాకు వెళుతుంది. వరసగా రెండేళ్ల నుంచీ గోగులపేటే వెళుతోంది. వాళ్లకి కొబ్బరి మొక్కల్లా ఎదిగిన పిల్లలు నలుగురున్నారు. తనకేమో కెప్టెన్ నూకరత్నం ఒక్కతే షూటర్. పొట్టిదే కానీ ఎగిరిందంటే నెట్టు పైన నడుం దాకా కనిపిస్తుంది. పదో తరగతి. పదితో ఆ బడి అయిపోతుంది. వాళ్లమ్మ కొబ్బరి పీచు దగ్గర పనికి వెళుతుంది. ఈ ఏడు జిల్లాకు వెళ్లకపోతే ఆ పిల్ల ఇక ఎక్కడా ఆడదని తాతారావుకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

'మూడుసార్లు ఆడితే ఒకసారి మనం గెలుస్తాం' అనుకున్నాడు తాతారావు. అంటే నూటికి ముప్పై మూడూ చిల్లర. నూకరత్నం సర్వీసు ఈ ఏడు బాగా కుదిరింది గనక ఆ చిల్లరని పూర్తి చేసి, గుండ్రంగా 34 అని రాసి సంతకం పెట్టాడు.

వారం తిరగకుండా ఫారం వెనక్కి వచ్చింది. పైన ఎర్ర సిరాతో "34/100" అని వేసి, కింద రెండు గీతలు గీసి, "తప్పినది. పోటీలకు అనర్హము" అని రాసి ఉంది.

తాతారావు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడే బస్సెక్కి విభాగం ఆఫీసుకు వెళ్లాడు.

విశ్వపతి గారు మంచి మనిషి. కూర్చోమన్నారు, ఫారం చూశారు, నాలుక చప్పరించారు.

"అయ్యో, ఒక్క మార్కులో పోయిందే! పాపం."

"అవి మార్కులు కాదండి. అవకాశం అండి."

"నూటికేనా?"

"నూటికేనండి."

"మరి? నూటికి ముప్పై అయిదు వస్తే ప్యాసు, రాకపోతే తప్పు. బళ్లో చదివిన ప్రతివాడికీ తెలుసయ్యా ఇది. లెక్కల్లో నేను సరిగ్గా ముప్పై అయిదుతోనే గట్టెక్కాను. అప్పుడెవరూ నాది అవకాశం అనలేదు."

"అది కాదండి. ముప్పై నాలుగంటే, ఇంచుమించు మూడుసార్లు ఆడితే ఒకసారి గెలుస్తారని అర్థం అండి."

విశ్వపతి గారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే ఆ రెండుసార్లూ ఎందుకయ్యా ఆడించడం, అనవసరంగా? ఆ ఒక్కసారే ఆడించండి."

పందొమ్మిదేళ్ల సర్వీసులో ఈ ఆలోచన తనకెందుకు రాలేదో తాతారావుకు అర్థం కాలేదు.

"బెంగ పెట్టుకోకండి. తప్పినవాళ్లకు రీవాల్యుయేషన్ ఉంది. దరఖాస్తు పెట్టండి, కమిటీ వస్తుంది" అని ధైర్యం చెప్పి పంపారు.

కమిటీ వచ్చింది. ఒక తెలుగు మాస్టారు, ఒక డ్రాయింగు మాస్టారు. మైదానంలో పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. ఆట కంటపడితే నిష్పాక్షికత దెబ్బతింటుందని కమిటీ వారు కుర్చీలు వెనక్కి తిప్పించుకుని, మైదానానికి వీపు పెట్టి కూర్చున్నారు. తెలుగు మాస్టారు ఫారాన్ని రెండుసార్లు చదివి, దస్తూరి ముత్యాల్లా ఉందని రెండు మార్కులు కలిపారు. డ్రాయింగు మాస్టారు మార్జిన్లు తిన్నగా ఉన్నాయని ఒక మార్కు వేశారు. మొత్తం 37. ప్యాసు.

కబురు ఊళ్లోకి పాకింది. నూకరత్నం తల్లి పని మానుకుని, కొబ్బరుండలు చేసి, బేసిను నెత్తిన పెట్టుకుని బడికి వచ్చింది.

"గెలిచారంట గదండీ మాస్టారూ! ఎవరి మీదండీ?"

తాతారావు తల గోక్కున్నాడు. నూకరత్నం నోట్లో ఉండ పెట్టుకుని చెప్పింది.

"కాయితం మీదమ్మా."

నెగ్గినా తగ్గినా పిల్లలకు కొబ్బరుండలు కొబ్బరుండలే. బేసిను ఖాళీ అయింది.

ఇక్కడ ఇలా ఉంటే అక్కడ గోగులపేట వ్యాయామోపాధ్యాయురాలు దైవకృపకు ఇంకో తలనొప్పి. ఆవిడ తాతారావుకు ఎదుటి జట్టు మనిషే కానీ, అరువు అడిగితే నెట్టు ఇచ్చే మంచి మనిషి. ఆవిడ తన జట్టుకు 66 రాసింది. అది ఫస్టు క్లాసని మెచ్చుకుంటూనే విభాగం వారు మెమో పంపారు. "మిగిలిన 34 మార్కులు ఏయే ప్రశ్నలలో పోయినవో సంజాయిషీ ఇవ్వవలెను."

"ఏం రాశారండి?" అని ఫోనులో అడిగాడు తాతారావు.

"ఏం రాస్తానండీ? ఆ ముప్పై నాలుగూ మీ దగ్గరున్నాయని రాశాను. మీ దగ్గర్నించి రికవరీ చెయ్యమని పైకి పంపారంట. జాగ్రత్తండోయ్!"

ఇద్దరూ ఫోనులోనే పడీ పడీ నవ్వుకున్నారు. ఆ నవ్వు పదిహేను రోజులు కూడా నిలవలేదు.

ఎందుకంటే విభాగం వారు "శతశాతం" అనే ఉద్యమం మొదలుపెట్టారు. ఏ జట్టు అవకాశమూ నూటికి నూరు కన్నా తగ్గరాదు, తగ్గితే ఆ బడి వెనకబడినట్టు లెక్క. పొద్దున్నే ఏడింటికి ప్రత్యేక తరగతులు పెట్టాలి, శనివారం పరీక్ష పెట్టాలి, మార్కులు పంపాలి. ప్రశ్నపత్రం కూడా వారే పంపారు. మొదటి ప్రశ్న: "మీరు గెలుస్తారా? అయిదు వాక్యాలలో రాయుము." రెండోది: "గెలవబోవు కారణములను సోదాహరణముగా వివరింపుము."

హెడ్మాస్టరు జోగయ్య గారికి ఆట తెలియదు గానీ పరీక్ష చదివించడం బాగా తెలుసు. జట్టును వరండాలో కూర్చోబెట్టి, జవాబులు బోర్డు మీద రాసి, బట్టీ పట్టించారు. పన్నెండు మంది పిల్లలూ ఒక్క గొంతుతో "మేము గెలుతుము, ఏలయనగా మాకు అవకాశము కలదు" అని చదువుతుంటే, పక్క తరగతి వాళ్లు అది పద్యమనుకుని అప్పజెప్పడం మొదలుపెట్టారు. మొదటి వారం 37 కాస్తా 58 అయింది. రెండో వారం 81. మూడో శనివారం నూకరత్నం అడిషనల్ షీటు కూడా తీసుకుంది. నూటికి నూరు. అదే శనివారం గోగులపేటకు కూడా నూటికి నూరు వచ్చింది.

అంతా సవ్యంగానే ఉంది. అప్పుడొచ్చింది ఆఖరి ఉత్తర్వు.

"శతశాతము సాధించిన జట్లు ఇకపై ఆడినచో శాతము మారు ప్రమాదము కలదు. కావున పోటీ రోజు వరకు బంతులను బీరువాలో ఉంచి లక్కతో సీలు వేయవలెను."

జోగయ్య గారు లక్క కరిగించి సీలు వేశారు. బీరువా అద్దంలోంచి బంతి కనిపిస్తూనే ఉంది. పోటీకి ఇంకా పద్దెనిమిది రోజులు.

ఆ సాయంత్రం నూకరత్నం బీరువా ముందు చాలాసేపు నిలబడింది. "మాస్టారండీ, మనం మంచిగా రాసినందుకా అండీ బంతి తీసేసుకున్నారు?" అని అడిగింది. రాయించిన ప్రతి కాగితం మీదా సంతకం తాతారావుదే. భయపడి సంతకం పెట్టాడు, మళ్లీ భయపడి మళ్లీ పెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"రేపు చూద్దాంలే అమ్మా" అన్నాడు, ఏం చూడాలో తెలియకుండానే.

మర్నాడు నూకరత్నమే దారి చూసింది. పెరట్లో చెట్టు నుంచి ఒక పంపర పనసకాయ కోసుకొచ్చింది. పచ్చగా, గుండ్రంగా, ఇంచుమించు బంతంత ఉంది. బరువు మాత్రం బంతికి నాలుగింతలు.

"బంతి ముట్టుకోవద్దన్నారండి. కాయ సంగతి రాయలేదు గదండీ?"

తాతారావు ఉత్తర్వు మళ్లీ చదివాడు. నిజమే, కాయ సంగతి రాయలేదు. పిల్లలు పద్దెనిమిది రోజులు పంపర పనసకాయతో ఆడారు. ముంజేతులు ఎర్రగా కందిపోయాయి. కాయలు పగిలినప్పుడల్లా ఉప్పూ కారం నంజుకుని తిని, ఇంకో కాయ తెచ్చుకున్నారు. మొదటి వారం కాయ నెట్టు దాటేది కాదు. రెండో వారానికి దాటింది. మూడో వారం నూకరత్నం స్మాష్ కొడితే కాయ వెళ్లి హెడ్మాస్టరు గది గోడకు తగిలి రెండు ముక్కలైంది. జోగయ్య గారు బయటికి వచ్చి చూసి, ఒక తొన తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

పోటీ రోజు రానే వచ్చింది. చింతలంక మైదానంలో షామియానా, మైకు, రెండు ఊళ్ల జనం. విశ్వపతి గారు ఈసారి ఉపన్యాసంలో రెండు జట్ల పేర్లూ టైపు చేయించుకుని వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

దైవకృప ఉండబట్టలేక అడిగింది. "సర్, రెండు జట్లకీ నూటికి నూరు ఎలాగండీ? ఒకళ్లు ఓడాలి గదా?"

"ఏమ్మా, క్లాసులో ఇద్దరు పిల్లలకి నూటికి నూరు రాకూడదా? ఒకరికి వచ్చిందని ఇంకొకరిది కోసేస్తామా? అది అన్యాయం కాదూ?" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని.

లక్క సీలు సభాముఖంగా పగలగొట్టారు. బంతి నూకరత్నం చేతికొచ్చింది. దాన్ని ఒకసారి ఎగరేసి పట్టుకుని, "ఇందులో ఏమీ లేదేంటే, గాలేనా?" అని నవ్వింది. పద్దెనిమిది రోజులు కాయ మోసిన చేతులకు అది దూదిలా తోచింది. దాంతో మొదటి సెట్టులో కొట్టిన ప్రతి బంతీ గీత దాటి షామియానాలో పడింది. గోగులపేట 25, చింతలంక 19. రెండో సెట్టుకు చేతులు సర్దుకున్నాయి. చింతలంక 25, గోగులపేట 22.

చెరొక సెట్టు అయింది. జనం కుర్చీల చివరికి జరిగారు. అప్పుడు విశ్వపతి గారు లేచి మైకు అందుకున్నారు.

"ఉభయ జట్లూ చెరొకసారి గెలిచాయి! రెండు అంచనాలూ నూటికి నూరు నిజమయ్యాయి! మా విభాగ చరిత్రలో ఇది సువర్ణ ఘట్టం! ఇంతటితో పోటీ ముగిసినట్టు ప్రకటించడమైనది!"

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

"మరి జిల్లాకు ఎవరు వెళతారండి?" అని అడిగాడు తాతారావు.

"ఆ విషయమై స్పష్టత కోరుతూ పైకి రాస్తాం. జవాబు వచ్చేదాకా ఉభయులూ ఎక్కడివారు అక్కడే ఉండవలెను."

జిల్లా పోటీలు ఎల్లుండి. పైకి రాసినదానికి జవాబు ఎప్పుడొస్తుందో తాతారావుకు తెలుసు. నాలుగేళ్ల కిందట నెట్టు చిరిగిందని రాస్తే, ఎన్ని కన్నాలో తెలియజేయమని మొన్ననే వచ్చింది.

నూకరత్నం బంతి చంకలో పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లనిండా నీళ్లున్నాయి గానీ కారనివ్వడం లేదు.

"మాస్టారండీ, వాళ్లకి వచ్చే ఏడు ఉందండి. నాకు లేదండి. ఓడిపోతే ఓడిపోతానండి. ఆడనివ్వండి చాలు."

పందొమ్మిదేళ్ల భయం తాతారావులో ఆ క్షణాన కొంచెం పక్కకు జరిగింది. వాచీ చూసుకున్నాడు. మూడూ పది. గోడ మీది టైంటేబిల్ గుర్తొచ్చింది. చేతులు కట్టుకుని విశ్వపతి గారి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, పోటీ ముగిసిపోయినట్టేనండి?"

"ముగిసింది."

"రిపోర్టు?"

"రాశాం. సంతకం అయింది. ముద్ర కూడా పడింది."

"అయితే ఇప్పుడు మా బడికి ఆరో పీరియడండి. గురువారం ఆరో పీరియడు ఆటలండి. ఆడించకపోతే టైంటేబిల్ ఉల్లంఘన కిందకొస్తుందండి."

ఉల్లంఘన అన్న మాట వినగానే విశ్వపతి గారు ఉలిక్కిపడ్డారు. "దానికేమైనా శాతాలున్నాయా?"

"లేవండి."

"అంచనాలు?"

"ఉత్తి పీరియడండి."

"అయితే మా విభాగానికి సంబంధం లేదు. మీ పీరియడు మీరు జరుపుకోండి" అని జీపెక్కారు.

తాతారావు దైవకృప వంక చూశాడు. ఆవిడకు చెప్పక్కర్లేకపోయింది, ఆవిడే అంది.

"ఓడినవాళ్లు, మా జట్టుకు జొరం, జిల్లాకు వెళ్లలేమని చీటీ రాసిచ్చేద్దామండి. ఒక్క జట్టే మిగిలితే పైవాళ్లు తేల్చడానికేముంది? సరేనా?"

"సరేనండి."

చింతలంక పిల్లలు గుంపుగా చేరారు. నూకరత్నం చెబుతోంది. "పోయినేడు ఓడాం. అంతకు ముందేడు ఓడాం. మూడు సార్లలో ఒకసారి మనదని మాస్టారే రాశారు. రెండూ అయిపోయినియ్యే. ఆ పెద్దసారు ఆ ఒక్కసారే ఆడమన్నాడంట గదా? ఆ ఒక్కసారీ ఇదేనే!"

ఈ లెక్క తప్పని తాతారావుకు తెలుసు. అయినా ఎర్ర సిరా పెన్ను మాత్రం తీయలేదు. విజిల్ ఊదాడు.

పదిహేను పాయింట్ల సెట్టు, రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. ఒకటి వీళ్లది, ఒకటి వాళ్లది. గోగులపేట పొడుగు పిల్లలు గోడ కట్టినట్టు బ్లాక్ చేస్తుంటే, చింతలంక పిల్లలు నేలకు పడబోయే బంతినల్లా కందిన చేతులతో లేపుతున్నారు. జనం దారికి అడ్డంగా నిలబడడంతో జీపు కదలలేదు. విశ్వపతి గారు మొదట కిటికీలోంచి చూశారు. తర్వాత తలుపు తీసుకుని చూశారు. 14-14 దగ్గర జనాన్ని తోసుకుని తాతారావు పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఎవరు గెలుస్తారయ్యా?"

"తెలీదండి."

"నీకూ తెలీదా?"

"ఎవరికీ తెలీదండి."

ఆయన రెండు చేతులతో చొక్కా కాలరు పట్టుకున్నారు. చిన్నపిల్లాడిలా మునివేళ్ల మీద లేచారు. "అబ్బ! భలే ఉందయ్యా ఇది!" అన్నారు.

నూకరత్నం సర్వీసు నెట్టు అంచును రాసుకుంటూ వెళ్లి అవతల జారిపడింది. 15-14. తర్వాతి బంతిని లిఫ్టు చేసిన పిల్ల కాస్త వెనక్కి వేసింది. నూకరత్నం వెనక్కి వెళ్లి, ఎగిరి, పంపర పనసకాయను కొట్టినట్టు కొట్టింది. బ్లాకు చేసిన నాలుగు చేతులూ విడిపోయాయి. బంతి వెళ్లి హెడ్మాస్టరు గది గోడకు, పాత మరక దగ్గరే తగిలింది.

తాతారావు విజిల్ ఊదడం మరిచిపోయి గంతులేశాడు. అందరికన్నా గట్టిగా ఈల వేసినది ఎవరో విభాగం గౌరవం దృష్ట్యా ఇక్కడ చెప్పడం లేదు.

దైవకృప మాట తప్పలేదు. తన పన్నెండు మందికీ తీవ్రమైన జ్వరమని అక్కడే చీటీ రాసిచ్చింది. ఆ జ్వరం వచ్చిన పన్నెండు మందీ చింతలంక పిల్లల పక్కన కూర్చుని, నూకరత్నం తల్లి తెచ్చిన కొబ్బరుండలు ఒక్కొక్కరూ నాలుగేసి తిన్నారు.

పక్కనే జోగయ్య గారు ఇంకో 7-బి ఫారం పట్టుకుని నిలబడ్డారు. జిల్లా పోటీలకు మళ్లీ కొత్త అంచనా కావాలి, సాయంత్రం లోపల పంపాలి. తాతారావు కలం తీసి, శాతం గడి దగ్గర ఆగిపోయాడు. జిల్లాలో ఎలాంటి జట్లున్నాయో తెలియదు. నూరు రాస్తే బంతికి సీలు, తక్కువ రాస్తే జట్టే అనర్హం. ఏం చేయాలో తోచక కలం మూత నోట్లో పెట్టుకున్నాడు.

నూకరత్నం భుజం మీంచి తొంగిచూసింది.

"ముప్పై అయిదు వేసెయ్యండి మాస్టారూ. ప్యాసయిపోతే చాలండి. మిగతాది మేం ఆడుకుంటాం."